చెక్ చిన్నారులకు ఇంగ్లీష్: కార్డులు పక్కన పెట్టి బుట్ట పట్టుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో ఆరేళ్లు ప్రైమరీ టీచర్‌గా చేశారు. మీ వారి ఉద్యోగం వల్ల చెక్ దేశంలోని బ్ర్నో నగరానికి వచ్చారు. ఇక్కడ ఒక ప్రైవేట్ ష్కోల్కా, అంటే కిండర్‌గార్టెన్, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు వారానికి రెండు రోజులు ఆటపాటలతో, థీమ్‌ల ప్రకారం ఇంగ్లీష్ చెప్పమంది. మీకు చెక్ రాదు. ఏ థీమ్‌లు తీసుకోవాలి, మన యాసతో ఇబ్బంది వస్తుందా అని అడిగారు.

చెక్ రాదని బెంగ పెట్టుకోకండి. పదకొండేళ్ల కిందట నేను బ్ర్నోలో దిగినప్పుడు నాకు వచ్చిన చెక్ "అహోయ్" ఒక్కటే. ఎదురుపడినా అహోయే, సెలవు తీసుకున్నా అహోయే, దాంతోనే చాలా రోజులు నెట్టుకొచ్చాను. మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది మీ ఆరేళ్ల అనుభవం. కోప్పడకండి, నా సంగతీ అంతే అయింది.

నా మొదటి పాఠం పండ్లు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని 20 కార్డులు గీసి, రంగులు వేసి, లామినేట్ చేయించి పట్టుకెళ్లాను. సీతాఫలం కూడా గీశాను, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. ఒక్కో కార్డు పైకెత్తి "రిపీట్ ఆఫ్టర్ మీ" అన్నాను. మన దగ్గర నలభై మంది ఒక్క గొంతుతో అనేస్తారు కదా. ఇక్కడ పదిహేను మంది కార్పెట్ మీద గుండ్రంగా కూర్చుని నన్ను వింతగా చూశారు. ఏడో కార్డుకి ఒకడు వెల్లకిలా పడుకున్నాడు. తొమ్మిదో కార్డుకి ఇద్దరు వాడి మీదెక్కారు. పదకొండో కార్డుకి ఒక పాప "మామా, మామా" అని ఏడుపు లంకించుకుంది. చెక్‌లో మామా అంటే అమ్మ. సీతాఫలం పదిహేడో కార్డు, అక్కడిదాకా వెళ్లనే లేదు.

ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చినంత పని చేశాను. తర్వాత నిదానంగా తెలిసొచ్చింది. పండ్లు, రంగులు, జంతువులు అని మనం రాసుకునేవి థీమ్‌లు కావు, పదాల పట్టీలు. మూడేళ్ల పిల్లాడికి పట్టీతో పనేముంది? వాడికి చేతినిండా పనుండాలి. ఆ పని జరగాలంటే ఇంగ్లీష్ ముక్క ఒకటి అవసరం పడాలి. ఇప్పుడు నేను పాఠం రాసుకునేటప్పుడు ఒక్కటే చూసుకుంటాను, పేరులో క్రియ ఉందా లేదా అని. "పుట్టగొడుగులు" అని రాసుకోను, "అడవికెళ్లి పుట్టగొడుగులు ఏరుదాం" అని రాసుకుంటాను. ఆ చిన్న తేడాతో పాఠం మొత్తం మారిపోతుంది.

ఆ పాఠం గురించే కాస్త వివరంగా చెప్తాను, మీరు సెప్టెంబర్‌లో మొదలుపెడుతున్నారు కాబట్టి. ఇక్కడ పుట్టగొడుగులు ఏరడం ఇంటిల్లిపాదికీ పిచ్చి. వేసవి చివర, శరత్కాలంలో శనివారం పొద్దున్నే బుట్టలు పట్టుకుని తాతలు, మనవళ్లు అడవిలోకి బయల్దేరతారు. నాలుగేళ్ల పిల్లకి కూడా ముఖొమూర్కా తెలుసు. ఎర్రటి గొడుగు, తెల్లటి చుక్కలు, విషం. అంటే విషయం వాళ్లకి ముందే వచ్చు, భాష ఒక్కటే కొత్త. ఇంతకన్నా సుఖమైన పాఠం ఉంటుందా? అట్టతో ఒక పాతిక పుట్టగొడుగులు కత్తిరించి గదంతా దాచేస్తాను, కుర్చీల కింద, కిటికీ పక్కన, నా జేబులో కూడా ఒకటి. గోధుమరంగువి మంచివి, ఎర్రవి చెడ్డవి. చేతిలో నిజం బుట్ట. "లెట్స్ గో టు ది ఫారెస్ట్" అని మునివేళ్ల మీద నడుస్తాం. "స్టాప్! లుక్! ఎ మష్రూమ్!" ఒక్కోటి తీసి "కెన్ ఐ ఈట్ ఇట్? యెస్ ఆర్ నో?" అని అడుగుతాను. చెడ్డది పొరపాటున తింటే నేను కడుపు పట్టుకుని కార్పెట్ మీద దొర్లాలి. దాని కోసమే పిల్లలు నాకు పదేపదే ఎర్రది తినిపిస్తారు. ఈ పాఠంలో కొత్త మాటలు మహా అయితే ఆరు. కానీ "కెన్ ఐ ఈట్ ఇట్" అన్న వాక్యం అరగంటలో పాతికసార్లు చెవిన పడుతుంది, ఎవరినీ రిపీట్ చేయమనకుండానే.

ఈ ఆటలోనే నేనొక గోతిలో పడ్డాను, మీరు పడకండి. మొదటిసారి ఆడించినప్పుడు ఒక పిల్లాడికి మంచి గోధుమరంగు పుట్టగొడుగు చూపించి "యెస్ ఆర్ నో?" అన్నాను. వాడు తల గట్టిగా కిందికీ పైకీ ఊపుతూ "నో!" అన్నాడు. సరేనని అవతల పారేశాను. వాడికి ఒళ్లు మండింది. మళ్లీ తెచ్చి నా చేతిలో పెట్టి "నో, నో!" అన్నాడు. మళ్లీ పారేశాను. చివరికి క్లాస్ టీచర్ నవ్వు ఆపుకోలేక చెప్పింది. చెక్ వాళ్లు మాటల్లో "నొ" అంటే "ఆఁ, అవును మరి" అని. కాదనడానికి వాళ్ల మాట "నె". ఇది చాలదన్నట్టు నేను మన అలవాటు ప్రకారం "సరేలే" అన్నట్టు తల అటూ ఇటూ ఆడిస్తున్నాను, అది వాళ్లకి "కాదు" అని కనిపిస్తోంది. ఇద్దరం ఒకరికొకరు సరిగ్గా తలకిందులుగా చెప్పుకుంటున్నామన్నమాట. అప్పటినుంచి మొదటి వారమంతా యెస్‌కి బొటనవేలు పైకి, నోకి బొటనవేలు కిందికి. తల కదపకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు కదులుతూనే ఉంటుంది.

థీమ్‌లు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలంటే, మీ ష్కోల్కా గోడ మీద నాస్త్యెంకా ఉంటుంది, నోటీసుబోర్డు. చాలా ష్కోల్కాల్లో ఆ వారం ఏ అంశం నడుస్తోందో దాని మీదే పెడతారు. ఫోటో తీసుకుని ఫోన్‌లో అనువాదం చేసుకోండి, ఇంకా మంచిది, క్లాస్ టీచర్‌ని నెల ప్లాన్ అడగండి. వాళ్లు ఆకుల గురించి చెప్పే వారం మీరూ ఆకులే చెప్పాలి. పిల్లలు పొద్దున ఆకులు ఏరి తెచ్చుంటారు, మీరు ఆ కుప్పలోనే "రెడ్ లీఫ్, ఎల్లో లీఫ్" ఆడించొచ్చు. నెట్‌లో దొరికే రెడీమేడ్ థీమ్ ప్యాక్‌లు చాలావరకు బ్రిటన్, అమెరికా పిల్లల క్యాలెండర్ ప్రకారం చేసినవి. వాటిని యథాతథంగా దించితే ఏమవుతుందో డిసెంబర్ దగ్గర చెప్తాను.

దుస్తుల థీమ్‌కి మాత్రం తరగతి గదే వద్దు. ష్కోల్కాలో షత్నా అని బట్టలు మార్చుకునే గది ఉంటుంది. పిల్లలు రాగానే బయటి బూట్లు విప్పి బచ్కొరి, అంటే ఇంట్లో తొడుక్కునే చెప్పులు, వేసుకుంటారు. చలైనా మంచైనా రోజూ బయట తిప్పుతారు. జనవరిలో పదిహేను మందికి ప్యాంటు మీద ప్యాంటు, స్వెటర్, జాకెట్, టోపీ, గ్లవ్స్ తొడిగేసరికి ఇరవై నిమిషాలు ఎటు పోతాయో తెలియదు. ఆ ఇరవై నిమిషాలూ టీచర్లకి నరకం, నాకు బంగారం. "వేర్ ఈజ్ యువర్ అదర్ బూట్?" అని అడిగితే అక్కడ నిజంగానే రెండో బూటు కనపడదు. "పుల్! పుల్! జిప్ అప్!" ఏ కార్డూ చెప్పలేనంత బాగా చెప్తుంది ఆ గది. చేతులు కాళ్లు కదిలిస్తూ ఆజ్ఞల ద్వారా భాష నేర్పడం గురించి జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1960లలోనే పరిశోధించాడు. దాన్ని టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అంటారు, ట్రైనింగుల్లో మీరూ వినే ఉంటారు. పిల్లలు ముందు విని చేస్తారు, మాట తర్వాత వస్తుంది. షత్నాలో అది దానంతటదే జరిగిపోతుంది.

ఒక్క జాగ్రత్త. అక్కడ "హ్యాట్" అనేటప్పుడు టోపీ చేత్తో చూపించండి. చెక్‌లో పాముని "హత్" అంటారు. రాసేది ద తో, పలికేది త తో. నేను మొదటిసారి "పుట్ ఆన్ యువర్ హ్యాట్" అన్నప్పుడు మూడేళ్ల పిల్ల ఒకతి బెంచీ ఎక్కి కూర్చుంది.

ఇలాంటి మాటల కలగలుపు ఎప్పుడూ నష్టమేమీ కాదు. "ద్రక్" సంగతే చూడండి. చెక్‌లో ఆ ఒక్క మాటకి డ్రాగన్ అనీ, గాలిపటం అనీ రెండర్థాలు. అక్టోబర్‌లో ద్రకియాడా అని ఊరూరా గాలిపటాల పండగ చేస్తారు. మనకి గాలిపటమంటే సంక్రాంతి, వీళ్లకి కోత అయిపోయిన పొలాల మీద వీచే శరత్కాలపు గాలి. ఇక బ్ర్నో పిల్లలకి మూడో ద్రక్ కూడా ఉంది. పాత టౌన్ హాల్ ద్వారంలో పైకప్పుకి వేలాడే "బ్ర్నో డ్రాగన్". మీరు వెళ్లి చూస్తే తెలుస్తుంది, అది లోపల కూరి కుట్టిన మొసలి! ఆ ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లకీ దాని కథ తెలుసు. నేను ఒక పాఠమంతా దీని మీదే నడుపుతాను. "ఈజ్ ఇట్ ఎ డ్రాగన్? ఈజ్ ఇట్ ఎ కైట్? నో, ఇట్స్ ఎ క్రొకడైల్!" డ్రాగన్ అంటే గర్జించాలి, కైట్ అంటే చేతులు చాపి పరిగెత్తాలి, క్రొకడైల్ అంటే నేల మీద పాకాలి. తమ భాషలో ఒకటే మాటైనది ఇంగ్లీషులో రెండు మాటలవుతుందని ఐదేళ్ల పిల్లలకి తట్టిన క్షణం చూడాలి. ఒకమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని ఇంగ్లీషు వాళ్లకి అన్ని మాటలు ఎందుకట అని క్లాస్ టీచర్‌ని నిలదీసింది.

ట్రామ్ ఆట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కుర్చీలు వరసగా వేస్తే వాళ్లే నడిపేస్తారు. బ్ర్నో వాళ్లు తమ యాసలో ట్రామ్‌ని షలినా అంటారు. విన్న కొత్తలో ఎవరో షాలిని కోసం ఇంతమంది ఎదురుచూస్తున్నారేమిటా అనుకున్నాను.

జంతువుల పాఠం అరుపులతో మొదలుపెట్టండి. చెక్ కోడి "కికిరికీ" అంటుంది, ఇంగ్లీష్ కోడి "కాకడూడుల్‌డూ", మన కోడి "కొక్కొరొకో". చెక్ కుక్క "హఫ్ హఫ్", చెక్ పంది "ఖ్రో ఖ్రో". మూడు భాషల కోళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటే ఆ పదిహేను నిమిషాలు ఎవరూ కార్పెట్ మీద పడుకోరు. మన తెలుగు కోడికి ఇక్కడ మంచి ఫాలోయింగ్ ఉంది, పార్కులో కనిపించినా "కొక్కొరొకో" అని అరుస్తారు నన్ను చూసి. ఇది నా సొంత తెలివి అని చాలాకాలం మురిసిపోయాను. తర్వాత తెలిసింది, బ్ర్నో ఉన్న ఈ మొరావియా ప్రాంతంలోనే 1592లో పుట్టిన కొమెన్‌స్కీ అనే విద్యావేత్త 1658లో అచ్చయిన తన బొమ్మల పాఠ్యపుస్తకంలో అక్షరాలను జంతువుల కూతలతోనే మొదలుపెట్టాడని. "ఆటగా బడి" అన్న మాట కూడా ఆయనదే. ఆయన పుట్టినరోజు మార్చి 28న ఇక్కడ టీచర్స్ డే, ఆయన బొమ్మ 200 కొరునాల నోటు మీద ఉంటుంది. ఆటలతో నేర్పడమేంటని ఏ తల్లిదండ్రులైనా ముఖం చిట్లిస్తే నేను పర్సులోంచి ఆ నోటు తీసి చూపిస్తాను. ఒక్కసారి మాత్రమే నిజంగా చూపించాల్సి వచ్చిందనుకోండి.

ఇప్పుడు డిసెంబర్. మొదటి ఏడాది నెట్‌లో దొరికిన ప్యాక్ తెచ్చి శాంటా, చిమ్నీ, రెయిన్‌డీర్ అని చెప్పుకుపోయాను. సాయంత్రం ఇద్దరు తల్లులు ష్కోల్కా డైరెక్టర్ దగ్గరికి వెళ్లారు. ఇక్కడ కానుకలు తెచ్చేది యెజీషెక్, బాలయేసు. ఎవరికీ కనపడడు. 24వ తేదీ సాయంత్రం భోజనాలయ్యాక గంట మోగుతుంది, పిల్లలు పరిగెత్తుకెళ్లి చూస్తే చెట్టు కింద కానుకలుంటాయి. నేను చెప్పిన లావుపాటి తాతకి ఆ ఇంట్లో చోటు లేదు. అంతకుముందే డిసెంబర్ 5 సాయంత్రం మికులాష్ వస్తాడు, వెంట దేవదూత, గొలుసులు చప్పుడు చేసే దెయ్యం. ఆ దెయ్యమంటే పిల్లలకి నిజంగా వణుకు, పాఠంలోకి తేవద్దు.

మరి ఏం చేస్తానంటే, ఆపిల్ కోస్తాను. క్రిస్మస్ రోజు ఇళ్లలో ఆపిల్‌ని అడ్డంగా కోసి గింజల గది చూస్తారు. నక్షత్రంలా కనిపిస్తే వచ్చే ఏడాదంతా ఆరోగ్యం అని నమ్మకం. పిల్లలందరూ నా చుట్టూ చేరతారు. ఆపిల్ చేతులు మారుతుంది. "ఈజ్ ఇట్ బిగ్? ఈజ్ ఇట్ రెడ్? స్మెల్ ఇట్." తర్వాత కత్తి తీస్తాను, అందరూ చేతులు వెనక్కి పెట్టుకోవాలి, అదీ ఇంగ్లీషులోనే. "వన్, టూ, త్రీ, కట్!" రెండు చెక్కలు విప్పేముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. "లుక్... ఎ స్టార్!" పదిహేను నోళ్లు ఒకేసారి "స్టార్!" అంటాయి. సరిగ్గా నా 20 కార్డులు చేయలేకపోయిన పని అది. పుచ్చు ఆపిల్ తగిలి నక్షత్రం చెదిరితే పిల్లలు దిగులు పడతారు, అందుకని మచ్చలేనివి ఏరి తెచ్చుకుని, వంటగదిలో ముందు ఒకటి కోసి చూసుకుంటాను. తినేది ఏది తెచ్చినా ముందు టీచర్‌ని అడగండి. అక్కడి మెనూలో ప్రతి వంటకం పక్కన అలర్జీ నంబర్లు రాసి ఉంటాయి, ఆ విషయంలో వాళ్లు చాలా పట్టుదల.

చెక్ రాకపోవడం మీకు కలిసొచ్చేది బొమ్మ దగ్గర. చేతికి తొడుక్కునే ఏదో ఒక తోలుబొమ్మ లాంటిది కొనుక్కోండి, దానికి చెక్ అస్సలు రాదని ప్రకటించండి. తోలుబొమ్మలాటలు చూసి పెరిగిన మనకి ఇది కొత్తేం కాదు. వీళ్లకి కూడా బొమ్మలాట ప్రాణం, 2016లో స్లొవాకియా, చెక్ బొమ్మలాట కళ యునెస్కో జాబితాకెక్కింది. పిల్లలు మీతో మాట్లాడడానికి సిగ్గుపడతారు గానీ, బొమ్మకి పాపం ఏమీ తెలియదని దానికి నేర్పడానికి ఎగబడతారు. కొందరు మూడు నెలలు నోరు విప్పరు. విప్పించాలని చూడకండి, చెవులు పనిచేస్తూనే ఉంటాయి. ఒకడు సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఒక్క ముక్క అనలేదు. మార్చిలో ఒకరోజు నా చేతిలో బొమ్మ లేకపోవడం చూసి "వేర్ ఈజ్ హీ?" అన్నాడు, పూర్తి వాక్యం!

క్లాస్ టీచర్‌తో ఒక్క విషయం మొదటిరోజే మాట్లాడుకోండి. ఆవిడ మంచి మనసుతో మీ ప్రతి వాక్యాన్నీ చెక్‌లోకి మార్చి చెప్పేస్తుంటుంది. పిల్లలు తెలివైనవాళ్లు, రెండోది అర్థమవుతుంది కదా అని మొదటిది వినడం మానేస్తారు. "నేను చేసి చూపిస్తాను, అప్పటికీ అర్థం కాకపోతేనే చెప్పండి" అని మర్యాదగా అడగండి. పిల్లలు మిమ్మల్ని "పన్యీ ఉచితెల్కో" అని పిలుస్తారు, టీచరమ్మా అన్నట్టు. మనం రాముడిని రామా అని పిలిచినట్టే వాళ్లకీ పిలుపులో పేరు చివర మారుతుంది. ఆ పిలుపులో ఉచితం వినిపించినా మొహమాటపడకుండా జీతం అడగండి. షత్నాలో గడిపే ఆ ఇరవై నిమిషాలు కూడా లెక్కలో వేయించండి.

ఇక యాస. ఉద్యోగ ప్రకటనల్లో "రొదిలీ మ్లువ్చీ" అని కనిపిస్తుంది, పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినవాళ్లని అర్థం. ఒక భాషా శిక్షణ సంస్థ నన్ను పాఠం చూడకుండానే ఆ మాట చెప్పి పంపేసింది. కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అయినా నిజాయితీగా చెప్పాలంటే మన ఉచ్చారణ మీద కాస్త పని చేసుకోవాలి. తమాషా ఏమిటంటే చెక్ పిల్లల ఇబ్బందులు, మన ఇబ్బందులు చాలావరకు ఒకటే. వాళ్లకీ "వ్యాన్"కి, "విండో"కి ఒకటే వ. వాళ్లకీ "ది", "థింక్" శబ్దాలు లేవు. వాళ్ల భాషలోనూ ఎ, ది లాంటి ఆర్టికల్స్ లేవు. నేను ఒక చిన్న అద్దం పట్టుకుని వాళ్లతో పాటే నేర్చుకున్నాను. "విండ్" అనేముందు పెదాలు ఊ అన్నట్టు గుండ్రంగా చుట్టి, అరచేతిలో పెట్టుకున్న ఈకని ఎగరేయాలి. పై పళ్లు పెదానికి తగిలితే ఓడిపోయినట్టు. మన ట, డ లు నాలుక మడిచి గట్టిగా పలుకుతాం, అవి కాస్త మెత్తబరుచుకోండి. చెక్‌లో ప్రతి మాటకీ మొదటి అక్షరం మీదే ఊనిక కాబట్టి పిల్లలు "బనానా"ని మొదట్లోనే నొక్కుతారు. చప్పట్లు కొడుతూ మధ్య అక్షరానికి గెంతిస్తే సరిపోతుంది. "డాగ్"ని "డోక్" అంటే మాత్రం వదిలేయండి. మాట చివరి గ ని క చేయడం వాళ్ల భాష తీరు, ఈ వయసులో దాన్ని పట్టుకుని దిద్దితే పిల్లాడు నోరు మూసుకుంటాడు.

తల్లిదండ్రుల టెన్షన్ మీదాకా వస్తుంది. ఇంటికెళ్లాక "ఇవాళ ఇంగ్లీషులో ఏం నేర్చుకున్నావ్?" అని అడుగుతారు, పిల్ల "ఏం లేదు" అంటుంది, తర్వాతి రోజు మీకు ప్రశ్నలు. అందుకని ప్రతి వారం ఏదో ఒక వస్తువు ఇంటికి పంపండి. అట్ట పుట్టగొడుగు వెనక "కెన్ ఐ ఈట్ ఇట్?" అని రాసి, ఆట ఎలా ఆడాలో చెక్‌లో రెండు లైన్లు టీచర్‌తో రాయించండి. ఆ రాత్రి నాన్న కార్పెట్ మీద దొర్లితే మీ పని అయినట్టే. బెసీత్కా అని క్రిస్మస్ ముందు తల్లిదండ్రులకి చిన్న ప్రదర్శన పెడతారు, ఇంగ్లీష్ పద్యం చెప్పించమంటారు. పద్యం బట్టీ పట్టించడానికి నవంబరంతా ధారపోయకండి. డ్రాగన్, కైట్, క్రొకడైల్ ఆటే స్టేజి ఎక్కించండి, అమ్మానాన్నలని కూడా పాకించండి. అయినా బడిలో ఇంగ్లీష్ ఎలాగూ మూడో తరగతిలోపు మొదలవుతుంది, ఐదేళ్లకే పరీక్ష పెట్టాల్సిన తొందర ఎవరికీ లేదు.

మూడేళ్ల వాళ్లతో ఇరవై నిమిషాలు దాటించకండి, ఐదారేళ్ల వాళ్లు అరగంట దాకా నిలుస్తారు. వీలైతే రెండు గుంపులు చేయమనండి. మధ్యాహ్నం భోజనం తర్వాత టైమ్ ఇస్తామంటే వద్దనండి, అది చిన్నవాళ్లు పడుకునే వేళ. నేరచరిత్ర లేదన్న పత్రం అడుగుతారు, ముందే తీసి పెట్టుకోండి. ఇంకోటి, మొదటి రోజు మీ సొంత బచ్కొరి ఒక జత సంచిలో వేసుకెళ్లండి. బయటి బూట్లతో లోపలికి అడుగుపెడితే మిమ్మల్ని ఆపేది టీచర్ కాదు, మూడేళ్ల పిల్లలు.